చిన్న హైబ్రిడ్ కారు మనదాకా ఎందుకు రావట్లేదు?

సత్యనారాయణపురం:
నాలుగు మీటర్ల లోపు పొడవు, పన్నెండు లక్షల లోపు ధర, అసలు సిసలైన హైబ్రిడ్. అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కారును సొంతంగా నడపగల కరెంటు మోటారు కూడా ఉన్నది. విజయవాడలో షోరూమ్‌లన్నీ తిరిగినా ఇలాంటి కారు ఒక్కటీ లేదు. ఒకచోట సేల్స్ కుర్రాడు "ఇదీ హైబ్రిడ్డే సార్" అని ఒక కారు చూపించాడు. తీరా అడిగితే అది మైల్డ్ హైబ్రిడ్. అందులో మోటారు ఇంజిన్‌కి కాస్త సాయం చేస్తుందంతే, కారును సొంతంగా నడపలేదు. అసలు హైబ్రిడ్ కావాలంటే మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, మారుతి విక్టోరిస్, లేదంటే హోండా సిటీ. ఆన్‌రోడ్‌కి వచ్చేసరికి ఇరవై లక్షల దరిదాపుల్లో తేలుతున్నాయి.

పన్ను అడ్డమా అంటే అదీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 1200 సీసీ లోపు, 4 మీటర్ల లోపు పెట్రోల్ హైబ్రిడ్‌కి జీఎస్టీ 18 శాతమే. అది దాటితే 40. గ్రాండ్ విటారా, హైరైడర్ ఇంజిన్ 1490 సీసీ, పొడవు 4.3 మీటర్ల పైన. అంటే చిన్న హైబ్రిడ్ తెచ్చిన కంపెనీకి 22 శాతం తేడా కళ్లముందే ఉంది. అయినా ఎవరూ తేవడం లేదు. పోటీ లేకపోవడమే కారణమని నా వాదన. మారుతి, టయోటా భాగస్వాములు. 2022లో వచ్చినప్పుడు గ్రాండ్ విటారా, హైరైడర్ రెండూ టయోటా బిడది ప్లాంట్‌లోనే తయారయ్యాయి. బ్యాడ్జీలు వేరు, కారు ఒక్కటే. మిగిలింది హోండా. వాళ్లది సెడాన్. ఇక ధర తగ్గించాల్సిన అవసరం ఎవరికుంది?

మొగల్రాజపురం:
పోటీ లేదనడం సరికాదండీ. మీరు చూడాల్సిన చోట చూడటం లేదు. పోటీ హైబ్రిడ్‌కీ ఈవీకీ (పూర్తిగా కరెంటు మీద నడిచే కారుకీ) మధ్య నడుస్తోంది. టాటా 2020లో నెక్సాన్ ఈవీ, 2022లో టియాగో ఈవీ తెచ్చింది. మీరు అడిగిన సైజూ, ధరా రెండూ టియాగోలో ఉన్నాయి. ఈవీకి జీఎస్టీ 5 శాతమే. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి ఇంకో నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఇంత పన్ను కట్టే ఊళ్లో ఉంటూ ఇంకా పెట్రోలు కారే కావాలనడం నాకు అర్థం కాదు.

బ్రాడీపేట:
మొగల్రాజపురం గారూ, మీది సొంత ఇల్లయి ఉంటుంది. మాది బ్రాడీపేటలో పాత అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో ఛార్జర్ పెట్టుకుంటానంటే అసోసియేషన్‌లో ఏడాదిగా చర్చే నడుస్తోంది. మీటర్ ఎవరిది, వైరు ఎక్కడినుంచి లాగాలి, మంటలొస్తే బాధ్యత ఎవరిది అని. ఊళ్లో సగం మంది పరిస్థితి ఇదే. మాలాంటివాళ్లకి ప్లగ్ అక్కర్లేని హైబ్రిడ్ తప్ప దారి లేదు.

పోటీ ఉంటే ధర ఎలా దిగొస్తుందో జపాన్‌లో చూశాం. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే సత్యనారాయణపురం గారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 1997లో టయోటా ప్రియస్ వచ్చింది. 1999లో హోండా ఇన్‌సైట్. టయోటా పద్ధతిలో రెండు మోటార్లు, వాటినీ ఇంజిన్‌నీ కలిపే ఒక ప్లానెటరీ గేర్, కాబట్టి మోటారు ఒక్కటే కూడా కారును నడపగలదు. హోండా ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక పలుచటి మోటారు పెట్టింది. చవక, బరువు తక్కువ, కానీ ఆదా కూడా తక్కువే. 2009 ఫిబ్రవరిలో కొత్త ఇన్‌సైట్‌ని 18 లక్షల 90 వేల యెన్‌లకి దించింది. టయోటా ఊరుకోలేదు. అదే ఏడాది మే నెలలో కొత్త ప్రియస్‌ని 20 లక్షల 50 వేలకే ఇచ్చి, పాత ప్రియస్‌ని ఆపేయకుండా సరిగ్గా ఇన్‌సైట్ ధరకే అమ్మింది. ఒక్క దెబ్బతో ఇన్‌సైట్ కొనడానికి కారణమే లేకుండా పోయింది.

హోండా అక్కడితో ఆగలేదు. 2010 అక్టోబర్‌లో చిన్న కారు ఫిట్‌లో హైబ్రిడ్ పెట్టి 15 లక్షల 90 వేల యెన్‌లకి తెచ్చింది. ఫిట్ అంటే మన దగ్గర జాజ్ అని అమ్మినదే. దానికి జవాబుగా 2011 డిసెంబర్‌లో టయోటా ఆక్వా వచ్చింది, ధర 16 లక్షల 90 వేలు. 2013లో జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. ఆ ఏడాదే హోండా తన పాత పద్ధతి వదిలేసి డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌తో కొత్త హైబ్రిడ్ తెచ్చింది. ఏడాది తిరిగేసరికి ఐదు రీకాల్‌లు, అంటే లోపాలు సరిచేయడానికి అమ్మిన కార్లని ఐదుసార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. అంటే పోటీలో ధర దిగుతుంది, తొందరపాటూ వస్తుంది. రెండూ చూశాం.

మన దగ్గర ఆ యుద్ధంలో రెండో వాడు లేడు. అదీ అసలు సంగతి.

తాడేపల్లి:
జపాన్ కథ బాగుంది, లెక్క చూద్దాం. నెలకు 1,000 కిలోమీటర్లు, పెట్రోలు 109 రూపాయలు అనుకుందాం. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకి చిన్న పెట్రోలు కారు లీటరుకి 18 కిలోమీటర్లు ఇస్తే, చిన్న హైబ్రిడ్ 25 ఇస్తుందనుకోండి. నెలకు మిగిలేది 1,700. కారు ధరలో రెండు లక్షలు ఎక్కువైతే అవి తిరిగి రావడానికి దాదాపు పదేళ్లు. బెంజి సర్కిల్, ఏలూరు రోడ్డు, రామవరప్పాడు రింగు మధ్యనే తిరిగేవాళ్లకైతే ఆటోమేటిక్ పెట్రోలు 13, హైబ్రిడ్ 22 అనుకుందాం. అప్పుడు నెలకు 3,400 పైన మిగులుతుంది, ఐదేళ్లలో డబ్బు వచ్చేస్తుంది. కాజ టోల్‌గేట్ దాటి రోజూ గుంటూరు వెళ్లొచ్చేవాళ్లు హైబ్రిడ్ కోసం ఎదురుచూడటం దండగ. కంపెనీలు కూడా ఈ లెక్క వేసుకునే ఆగుతున్నాయి. ఎనిమిది లక్షల కారు మీద రెండు లక్షలు పెంచితే కొనేవాళ్లు బెదిరిపోతారు. పదిహేను లక్షల కారు మీద పెంచితే అంతగా కనపడదు.

మొగల్రాజపురం:
తాడేపల్లి గారూ, అదే లెక్కలో ఈవీ కూడా వేయండి. యూనిట్‌కి 7 కిలోమీటర్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నెలకు మొత్తం కరెంటు ఖర్చు 1,150 దాటదు.

ఆటోనగర్:
నేను వర్క్‌షాప్ మనిషిని, రెండు ముక్కలు చెబుతాను. టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో క్లచ్ లేదు, స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. మన దగ్గర ఎక్కువగా పాడయ్యేవి ఈ మూడే. బ్రేకు తొక్కినప్పుడు మోటారే కారును ఆపి కరెంటు తయారుచేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్‌లు కూడా త్వరగా అరగవు. బ్యాటరీ పోతే కొంప మునుగుతుందని అందరూ టెన్షన్ పడతారు. హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బ్యాటరీ కూడా చిన్నదే, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు.

ఒక్క జాగ్రత్త. టయోటా హైబ్రిడ్‌లలో వెనక సీటు దగ్గర చిన్న జాలీ ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే గాలి అక్కడినుంచే లోపలికి వెళుతుంది. దాని మీద సంచులు పెట్టొద్దు. మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగే బండ్లకయితే ఆ ఫిల్టర్ తరచూ తీసి చూడాలి. ఎర్రటి దుమ్ము మెత్తగా పేరుకుని గాలి ఆగిపోతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. సర్వీసులో అడగనిదే చాలామంది దాన్ని తీయరు.

మొగల్రాజపురం:
ఆటోనగర్ గారి మాట కాదనను. నా అభ్యంతరం వేరు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి (మీరు అసలు హైబ్రిడ్ అంటున్నవే) రిజిస్ట్రేషన్ ట్యాక్స్ పూర్తిగా ఎత్తేసింది. లాభపడింది ఎవరు? మారుతి, టయోటా, హోండా. టాటా, మహీంద్రా అభ్యంతరం చెప్పాయి, చెప్పాలి కూడా. వేల కోట్లు పెట్టి ఈవీ ఫ్యాక్టరీలు కట్టినవాళ్ల పక్కన, పెట్రోలు ట్యాంకు ఉన్న కారుకి అదే రాయితీ ఇవ్వడం అన్యాయం. రేపు మన రాష్ట్రంలోనూ ఇదే అడుగుతారు. అది జరగకూడదు.

సత్యనారాయణపురం:
మీ కోపంలో న్యాయం ఉంది. ఇరవై లక్షల కారు కొనేవాళ్లకి రాష్ట్ర ఖజానా నుంచి రాయితీ అక్కర్లేదు. కానీ టాటా, మహీంద్రా మనకోసం పోరాడుతున్నాయని మాత్రం అనొద్దు. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వాడకానికి హద్దు పెట్టేవి కేఫ్ నిబంధనలు. 2027 ఏప్రిల్ నుంచి రావాల్సిన కేఫ్ 3 ముసాయిదాలో 909 కిలోల లోపు చిన్న కార్లకి సడలింపు పెడితే మారుతి కావాలంది, టాటా, మహీంద్రా వద్దన్నాయి. ఎవరి దగ్గర ఏ కార్లు ఉన్నాయో ఆ వైపే వాళ్ల వాదన. కేఫ్ 2 లెక్కల్లో ఒక్కో ఈవీని మూడు కార్లుగా, స్ట్రాంగ్ హైబ్రిడ్‌ని రెండు కార్లుగా లెక్కిస్తారు. అంటే పెద్ద హైబ్రిడ్ అమ్మినా కంపెనీ సగటు దిగుతుంది. ఇక చిన్నది చేయడానికి కష్టపడటం ఎందుకు?

నేను అడిగేది ఒక్కటే. పొదుపు ఎక్కువ అవసరమైనది తక్కువ ధర కారు కొనేవాళ్లకి. ఈ కేఫ్ లెక్కల్లో చిన్న హైబ్రిడ్‌కి ఎక్కువ పాయింట్లు, పెద్దదానికి తక్కువ ఇస్తే, టయోటా ఇంజినీర్లకి ఆక్వా చేయడం కొత్త కాదు, సుజుకీకి చిన్న కారు చేయడం కొత్త కాదు. పెనుకొండలో కియాకి ఫ్యాక్టరీయే ఉంది. మూడో వాడు దిగితే ధర దానంతటదే దిగుతుంది.

బ్రాడీపేట:
ఇది బాగుంది. మా అసోసియేషన్ ఛార్జర్ సంగతి తేలేలోపు కంపెనీల సంగతి తేలేలా ఉంది. ఈలోగా సెకండ్‌హ్యాండ్ హోండా సిటీ హైబ్రిడ్ చూస్తున్నాను. ఆటోనగర్ గారూ, అలాంటి బండి కొనేముందు ఏం చూడాలో చెప్పండి.

ఆటోనగర్:
కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హైబ్రిడ్ బ్యాటరీ చెకప్ చేయించి రిపోర్టు కాగితం తీసుకోండి. వారంటీ మీ పేరు మీదికి మారుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. బండి నీటమునిగిందా అన్నది మాత్రం తప్పకుండా చూడండి. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదల్లో సింగ్‌నగర్, పాయకాపురం వైపు చాలా బండ్లు నీళ్లలోనే ఉన్నాయి. సీటు పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద మట్టి, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర మరకలు. వీటిలో ఏది కనపడినా, ఎంత తక్కువకి ఇస్తామన్నా హైబ్రిడ్ కొనొద్దు.