పూలజడ, వెనక పచ్చిక: పెళ్లికూతురి ఫోటో శుభ్రంగా కట్ చేయడం ఎలా?

ఆల్బమ్‌పని:
పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను, వాడేది ఫోటోషాప్. ఇప్పుడు చేస్తున్న ఫోటోలో పెళ్లికూతురు పచ్చికలో పక్కకు తిరిగి నిలబడింది. పూలజడ, చివర జడకుప్పెలు, చెవి దగ్గర గాలికి లేచిన వెంట్రుకలు, వెనక ఎండ పడిన గడ్డి. ఆమెను కట్ చేసి ముదురు మెరూన్ బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టాలి. మనిషిని తనంతట తానే ఎంచుకునే సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే ముఖం, చీర చక్కగా వస్తున్నాయి గానీ కుప్పెలు సగం పోతున్నాయి. వెంట్రుకల చుట్టూ పచ్చటి అంచు మిగులుతోంది. 12×36 అంగుళాల షీటు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). మీరైతే ఎలా చేస్తారో చెప్పండి.

పెన్‌టూల్_పిచ్చి:
బొమ్మ మొత్తాన్ని ఒకే సెలెక్షన్‌తో తీయాలనుకోవద్దండీ. గట్టి అంచులు వేరు, మెత్తటి అంచులు వేరు. చీర అంచు, భుజం, ముక్కు గీత, జడకుప్పెలు పెన్ టూల్‌కు వదిలేయండి. పాయింట్లు పెట్టుకుంటూ దానితో గీసే గీతే పాత్. 200 శాతం జూమ్‌లో, వంపు తిరిగే చోట మాత్రమే పాయింటు పెట్టండి. పాయింట్లు ఎక్కువైతే భుజం గతుకులు గతుకులుగా వస్తుంది. పాత్ అంచు మీద కాకుండా ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి నడవాలి, అప్పుడే పాత బ్యాక్‌గ్రౌండ్ వెంట రాదు. పని అయ్యాక వర్క్ పాత్ మీద డబుల్ క్లిక్ చేసి పేరు పెట్టి దాచుకోండి. పీఎస్‌డీలో (ఫోటోషాప్ ఫైల్లో) భద్రంగా ఉంటుంది, సైజూ పెద్దగా పెరగదు.

ఫెదర్ (అంచును మెత్తబరచడం) విషయంలో ప్రింటు సైజు చూసుకోవాలి. 300 డీపీఐ దగ్గర 2 పిక్సెళ్లంటే కాగితం మీద 0.17 మిల్లీమీటరు, కంటికి ఆనదు. అదే 72 డీపీఐ ఫ్లెక్సు మీద 0.7 మిల్లీమీటరు అవుతుంది. వెంట్రుకల జోలికి మాత్రం పెన్ టూల్‌తో వెళ్లకండి.

రంగులగది:
వెంట్రుకలకు ఛానెల్సే దారి. ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగా నలుపు తెలుపుల్లో చూపేవే ఛానెల్స్. ఏ ట్యుటోరియల్ చూసినా బ్లూ ఛానెల్ తీసుకోమంటారు. వెనక ఆకాశం ఉన్నప్పుడు ఆ మాట నిజం. మీ ఫోటోలో వెనక ఉన్నది గడ్డి. ఎండ పడిన గడ్డి బ్లూలో ముదురుగా కనిపిస్తుంది, నల్ల జుట్టూ ముదురే, రెండూ కలిసిపోతాయి. గ్రీన్ ఛానెల్ తెరిచి చూడండి, గడ్డి తేలిపోయి జుట్టు నల్లగా విడిగా నిలుస్తుంది. దాన్ని కాపీ చేసి, కంట్రోల్ ఎల్ నొక్కి లెవెల్స్‌లో నలుపు, తెలుపు స్లయిడర్లను దగ్గరికి లాగండి. తర్వాత కంట్రోల్ ఐ నొక్కితే జుట్టు తెల్లగా, గడ్డి నల్లగా మారుతుంది. ఇంకా బూడిద రంగు మిగిలిన చోట బ్రష్‌ను ఓవర్‌లే మోడ్‌లో పెట్టి నలుపుతో రుద్దండి. బూడిద ముదిరి నల్లబడుతుంది, తెల్లటి వెంట్రుకలకు ఏమీ కాదు.

ఒక్క చోట జాగ్రత్త. మల్లెపూలు తెల్లనివి కాబట్టి గ్రీన్ ఛానెల్‌లో గడ్డితో పాటే తేలిపోతాయి. తిరగేస్తే పూలన్నీ నల్లబడి, జడలో చిల్లులు పడ్డట్టు కనిపిస్తాయి. కాబట్టి జడను, ముఖాన్ని, చీరను పెన్ పాత్‌తో సెలెక్ట్ చేసి ఛానెల్‌లోనే తెలుపు నింపేయండి. చివరికి ఛానెల్‌కు పని మిగిలేది నుదురు, చెవి, మెడ దగ్గర లేచిన వెంట్రుకల మేరకే. ఆ తర్వాత ఛానెల్ బొమ్మ మీద కంట్రోల్ పట్టి క్లిక్ చేసి, లేయర్ మాస్క్ (తుడిచేయకుండా దాచిపెట్టే పొర) బటన్ నొక్కడమే.

హన్మకొండ_గింప్:
ఫోటోషాప్ కొనలేని వాళ్ల కోసం రాస్తున్నాను. గింప్ ఉచితం, ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ అందులోనే ఉంది. మనిషి చుట్టూ వదులుగా గీత గీసి ఎంటర్ నొక్కాలి. తర్వాత మనిషి మీద బ్రష్‌తో రుద్దాలి: జుట్టు మీద ఒక గీత, చర్మం మీద ఒకటి, చీరలో ఉన్న ప్రతి రంగు మీదా ఒకటి. రుద్దని రంగును అది బ్యాక్‌గ్రౌండ్ అనుకునే ప్రమాదం ఉంది. ప్రివ్యూ చూసుకుని ఎంటర్ కొట్టాక, లేయర్ మాస్క్ పెట్టేటప్పుడు సెలెక్షన్ అనే ఆప్షన్ ఎంచుకోండి.

త్వరపని:
ఇంత తతంగం అవసరమా? సెలెక్ట్ సబ్జెక్ట్‌తో తీసి, మిగిలిన పచ్చదనాన్ని మెత్తటి ఎరేజర్‌తో తుడిచేస్తే పది నిమిషాల పని.

పెన్‌టూల్_పిచ్చి:
ఎరేజర్‌ను గట్టిగా వ్యతిరేకిస్తాను. పెళ్లివారు వారం తర్వాత వచ్చి బ్యాక్‌గ్రౌండ్ లేతగా మార్చమంటే తుడిచేసిన వెంట్రుకలు ఎక్కడి నుంచి తెస్తారు? మాస్క్ మీద నలుపు పూస్తే దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగి వస్తుంది. మాస్క్ ఎంచుకుని బ్యాక్‌స్లాష్ నొక్కితే దాగిన భాగమంతా ఎర్రగా కనిపిస్తుంది, తప్పిపోయినవి అక్కడే దొరికిపోతాయి. ఆ ఎరుపు ప్రెస్సుల నుంచి వచ్చింది. ఒకప్పుడు రూబీలిత్ అనే ఎర్రటి ఫిల్మును బ్లేడుతో కోసి మాస్కులు తయారు చేసేవారు.

రంగులగది:
పచ్చటి అంచుకు సెలెక్ట్ అండ్ మాస్క్‌లో డీకంటామినేట్ కలర్స్ అని, అంచుకు అంటిన రంగును తీసే ఆప్షన్ ఉంది. అయితే అది అసలు పిక్సెళ్ల రంగే మార్చేస్తుంది, నాకు నచ్చదు. పైన కొత్త లేయర్ పెట్టి క్లిప్ చేసి (కింది లేయర్ ఉన్నంత మేరకే కనిపించేలా), మోడ్ కలర్‌కు మార్చండి. ఆల్ట్ పట్టి జుట్టు రంగు తీసుకుని అంచున పూయండి. కలర్ మోడ్ రంగునే మారుస్తుంది, వెలుగు అలాగే ఉంటుంది. ముదురు మెరూన్ మీద ఆ వెలుగు గీత ఇంకా కనిపిస్తే, ఇంకో లేయర్ మల్టిప్లైలో క్లిప్ చేసి కొంచెం ముదురు చేయండి. ఎండ తగిలి బంగారంలా మెరిసే సన్నటి వెంట్రుకలు లెవెల్స్‌లో ఎలాగూ పోతాయి. వాటిని ఒక పిక్సెల్ బ్రష్‌తో మళ్లీ గీయడం మేలు.

డాలస్_నుంచి:
ఇదే పద్ధతిలో అమెరికా వీసా ఫోటో వెనక తెలుపు పెట్టుకోవచ్చా? ఇంటి గోడ నీలం రంగు.

ఆల్బమ్‌పని:
వద్దండీ. డిజిటల్‌గా మార్చిన ఫోటోను వాళ్లు ఒప్పుకోరు. తెల్ల దుప్పటి వెనక కట్టి మళ్లీ తీయించుకోండి.

గ్రీన్ ఛానెల్ బాగా పనిచేసింది! చెవి దగ్గర వెంట్రుకలు విడివిడిగా వచ్చాయి. కుప్పెలను పెన్‌తో తీశాను. రంగులగది గారికి, పెన్‌టూల్ గారికి కృతజ్ఞతలు. తర్వాతి షీటులో తలంబ్రాల ఫోటో ఉంది. గాల్లో బియ్యం ఎగురుతోంది. ఇద్దరినీ కట్ చేస్తే బియ్యం ఏమవుతుంది?

మండపం_కెమెరా:
ఎగిరే గింజలు ఫోటోలో తరచూ సాగిన గీతల్లా పడతాయి. వాటిలో వెనకున్న రంగు ముందే కలిసిపోయి ఉంటుంది, అంచంటూ ఉండదు. ఏ సెలెక్షన్ టూలూ వాటిని విడదీయలేదు. వెనక చీకటిగా ఉంటే ఒక ఉపాయం ఉంది. అసలు ఫోటో కాపీని పైన స్క్రీన్ మోడ్‌లో పెట్టి, లెవెల్స్‌లో నలుపు పెంచండి. చీకటి మాయమై గింజలు మిగులుతాయి. మనుషుల మీద పడే భాగాన్ని మాస్క్‌తో కప్పేయండి. వెనక బంతిపూల తోరణాలు, లైట్లు ఉంటే మాత్రం అసలు కట్ చేయకండి. ఆ ఫోటోను షీటు నిండా యథాతథంగా వేసి, పక్కన చిన్న ఫోటోలు పెట్టండి. తలంబ్రాల సందడి అంతా వెనకున్న చుట్టాల ముఖాల్లోనే ఉంటుంది, దాన్ని తీసేయడం ఎందుకు?

ఆల్బమ్‌పని:
వెనక తోరణాలే ఉన్నాయి. అయితే షీటు నిండా వేసేస్తాను.