పరాన్నజీవి చీమలకు వేరే ప్రజాతి పేరు ఉండాలా, వద్దా?

పుట్టమన్ను:
2015లో ఫిలిప్ వార్డ్ బృందం చీమల్లో మిర్మిసినే అనే ఉపకుటుంబాన్ని డీఎన్ఏ ఆధారంగా మళ్లీ వర్గీకరించింది. ఆ దెబ్బకి అనెర్గేటిస్, టెల్యూటోమిర్మెక్స్ అనే రెండు పరాన్నజీవి చీమల ప్రజాతులు రద్దయి, టెట్రామోరియం అనే పెద్ద ప్రజాతిలో కలిసిపోయాయి. ఇది సరికాదని నా వాదన.

అనెర్గేటిస్ సంగతి చూడండి. దీనికి శ్రామిక చీమలే ఉండవు. రాణి టెట్రామోరియం గూట్లో చేరి వాటి కష్టం మీద బతుకుతుంది. మగదానికి రెక్కలుండవు, చూడటానికి ప్యూపా దశ దాటనట్టే ఉంటుంది, పుట్టిన గూట్లోనే జతకడుతుంది. టెల్యూటోమిర్మెక్స్ రాణి ఆతిథేయి (తనకు ఆశ్రయమిచ్చే చీమ) రాణి వీపును పట్టుకుని అక్కడే కాలం గడుపుతుంది. ఇంత తేడా ఉన్న జీవుల్ని మామూలు టెట్రామోరియంతో కలిపేస్తే, పేరు చూసి మనకు తెలిసేదేముంది? 2016లో బెర్న్‌హార్డ్ జైఫర్ట్, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి ఈ అభ్యంతరమే రాశారు.

పైగా టెల్యూటోమిర్మెక్స్ ష్నైడరి తన రెండో పేరు, అంటే జాతి పేరు కూడా పోగొట్టుకుంది. టెట్రామోరియం ష్నైడరి అనే పేరుతో 1898 నుంచే వేరే చీమ ఉంది. అందుకని 1950లో కుట్టర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన ష్నైడరి పేరు తీసేసి టెట్రామోరియం ఇంక్విలినమ్ అని కొత్తది పెట్టారు. పాత పుస్తకాలు చదివేవాళ్లు ఈ చీమను ఎలా పోల్చుకుంటారు?

తొలకరి:
ఇలాంటి తగువులు తీర్చడానికి అంతర్జాతీయ జంతు నామకరణ కమిషన్ ఉంది కదండీ? అక్కడికి వెళ్తే సరిపోదా?

గండుచీమ:
తొలకరి గారూ, కమిషన్ తీర్చేది పేరు తగువు మాత్రమే. వర్గీకరణ తగువు తీర్చే కోర్టు ఎక్కడా లేదు. ఈ చర్చలో ముందు ఆ రెండింటినీ విడదీయాలి.

పేరు తగువంటే ఎర్ర నిప్పుచీమది. బ్యూరెన్ 1972లో దానికి సొలెనాప్సిస్ ఇన్విక్టా అని పేరు పెట్టాడు. అయితే 1916లోనే శాంట్‌షీ అర్జెంటీనాలో దొరికిన చీమలకు పెట్టిన వాగ్నెరీ అనే పేరు ఈ జాతిదేనని 1995లో బారీ బోల్టన్ తేల్చాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది నియమం. కానీ అప్పటికే ఇన్విక్టా పేరుతో వందల పరిశోధనలు వచ్చేశాయి, చీమల నివారణ పనులన్నీ ఆ పేరు మీదే నడుస్తున్నాయి. శాస్త్రజ్ఞులు అర్జీ పెట్టుకుంటే కమిషన్ 2001లో ఇన్విక్టానే ఖాయం చేసింది. చాలా మంచి పని జరిగిందని నా నమ్మకం.

అనెర్గేటిస్ విషయంలో ఆ దారి లేదు. ఏ ప్రజాతిలో ఏ జాతి ఉండాలన్నది సాక్ష్యాన్ని బట్టి శాస్త్రజ్ఞులే తేల్చుకోవాలి.

పుట్టమన్ను గారూ, ప్రజాతి పేరు మన ఇంటిపేరు లాంటిది. చేసే పని మారితే ఇంటిపేరు మారదు కదా! టెట్రామోరియంలో 500కు పైగా జాతులున్నాయి, వాటిలో చాలా భాగం ఆఫ్రికావి. అనెర్గేటిస్‌కి దగ్గరి చుట్టాలు యూరప్‌లో అది ఆశ్రయం పొందే టెట్రామోరియం గుంపులోనే ఉన్నాయి. పరాన్నజీవి చీమలు తమ ఆతిథేయులకే దగ్గరి చుట్టాలని కార్లో ఎమెరీ 1909లోనే గమనించాడు. దగ్గరి చుట్టాన్ని బయటపెట్టి, ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న దూరపు చుట్టాన్ని అదే ప్రజాతిలో ఉంచితే, ఆ పేరు బంధుత్వం గురించి అబద్ధం చెప్పినట్టే. మగదానికి రెక్కలు లేవన్న సంగతి వర్ణనలో రాసుకోవచ్చు. పేరు తప్పు బంధుత్వం చెప్తే మాత్రం దాని మీద ఆధారపడిన ప్రతి పోలికా తప్పుతుంది.

పుట్టమన్ను:
బంధుత్వాన్ని నేను కాదనడం లేదండి. ఒక గుంపులోంచి కొత్త కొమ్మ చీలినప్పుడు మిగిలిన గుంపు అసంపూర్ణంగా మిగలడం పరిణామంలో మామూలే. అలాంటి గుంపులన్నిటినీ నిషేధించాలంటే ఎక్కడ ఆగుతాం? ఇంకో నష్టం కూడా ఉంది. ఈ చీమలు చాలా అరుదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో ముప్పున్న జాతిగా చేర్చింది అనెర్గేటిస్ అనే పేరుతోనే. 500 జాతుల గుంపులో ఒకటిగా కనబడితే దాన్ని కాపాడాలని ఎవరికి తడుతుంది?

గండుచీమ:
రక్షణ గురించి మీరన్నదానికి నా దగ్గర ఎదురు మాట లేదు, అది నిజమైన ఇబ్బందే. రెడ్ లిస్ట్‌లోనూ ప్రతి పరిశోధన పత్రంలోనూ కొత్త పేరు పక్కన "పూర్వం అనెర్గేటిస్ అట్రాట్యులస్" అని ఒకసారి రాయడం తప్పనిసరి చేయాలి. యాంట్‌క్యాట్ లాంటి ఆన్‌లైన్ చీమల పేర్ల సూచికలో పాత పేరు వెతికినా కొత్త పేరుకి దారి దొరుకుతుంది. కానీ ఎక్కడ ఆగుతామన్న మీ ప్రశ్న నాకు భయంగా అనిపించదు. సాక్ష్యం ఉన్నంత వరకు వెళ్తాం, లేని చోట పాత పేరు ముట్టుకోం.

తొలకరి:
అయితే ఒక సందేహం. టెట్రామోరియంలో కలపకుండా, ఆ పెద్ద ప్రజాతినే చిన్న ముక్కలుగా విడగొట్టి అనెర్గేటిస్‌ని నిలబెట్టుకోవచ్చు కదండీ?

గండుచీమ:
అలా చేస్తే ఒకటి రెండు పరాన్నజీవుల కోసం వందల చీమల పేర్లు మార్చాలి. పుట్టమన్ను గారు కూడా దానికి ఒప్పుకోరనుకుంటా.

పుట్టమన్ను:
ఒప్పుకోను. అంతకంటే ఇప్పుడున్నదే నయం.