దసరా సెలవుల్లో నేపాల్: ముక్తినాథ్, అన్నపూర్ణ బేస్ క్యాంప్, చిత్వన్ 14 రోజుల్లో పడతాయా?

దారి_చూపండి:

దసరా సెలవులకి నేపాల్ అనుకుంటున్నాం. కాఠ్మాండూలో దిగిన రోజు, తిరుగు విమానం రోజు కలిపి 14 రోజులు. అమ్మ (61), నాన్న (67), తమ్ముడు, నేను, మా వాడు (12). పెద్దవాళ్లకి పశుపతినాథ్, ముక్తినాథ్ దర్శనం కావాలి. తమ్ముడికీ నాకూ అన్నపూర్ణ బేస్ క్యాంప్. పిల్లాడికి చిత్వన్ అడవిలో ఖడ్గమృగం. నాన్నకి బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది.

పొఖరా నుంచి ముక్తినాథ్‌కి ఒక్క రోజులో ఎక్కి, మర్నాడు దర్శనం చేసుకుని దిగిపోవచ్చని ట్రావెల్స్ వాళ్లంటున్నారు. నిజమేనా? విమానానికి ఆధార్ సరిపోతుందా? ఏది ముందు, ఏది వెనక పెట్టుకోవాలి?

కాళీగండకి:

రోడ్డుంది కాబట్టి ఒక్క రోజులో ఎక్కించేస్తారు. పెద్దవాళ్లని మాత్రం అలా తీసుకెళ్లకండి. పొఖరా ఎత్తు 800 మీటర్ల చిల్లర. ముక్తినాథ్ గుడి 3,700 పైన. పొద్దున పొఖరాలో టిఫిన్ చేసి, రాత్రికి గుడి కింద ఊరు రాణీపౌవాలో పడుకుంటే అర్ధరాత్రికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మనవాళ్లు దాన్ని జీపు కుదుపుల మీదకో గ్యాస్ మీదకో నెట్టి ఓ మాత్ర వేసుకుంటారు. అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు. నడక తూలినా, మాట తేడాగా వచ్చినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడకూడదు. అప్పటికప్పుడు కిందికి దింపాలి.

మొదటి రోజు బేని మీదుగా తాతోపానీ లేదా కాలోపానీ దాకా వెళ్లి ఆగండి. రెండో రోజు మార్ఫా లేదా జోమ్‌సోమ్, రెండూ దాదాపు 2,700 మీటర్లు. మూడో రోజు తెల్లవారుజామునే బయల్దేరితే జోమ్‌సోమ్ నుంచి రాణీపౌవా గంట, గంటన్నర. దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి కిందికి వచ్చేసి మళ్లీ జోమ్‌సోమ్‌లోనే పడుకోవాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా రాత్రి పడక కిందనే ఉండాలి, అసలు కిటుకు అదే. నాలుగో రోజు పొఖరా.

విమానమైతే పొఖరా నుంచి జోమ్‌సోమ్‌కి 20 నిమిషాలే. కానీ ధవళగిరి, అన్నపూర్ణల మధ్య ఆ లోయలో పొద్దెక్కేకొద్దీ కింది నుంచి పైకి గాలి విరుచుకుపడుతుంది. పైన టిబెట్ పీఠభూమి ఎండకి వేడెక్కి కిందిగాలిని లాక్కోవడం వల్ల రోజూ జరిగేదే ఇది. అందుకే విమానాలన్నీ పొద్దున్నే. మబ్బు పట్టి ఆ కాసేపు పోతే ఆ రోజు పోయినట్టే. విమానాన్ని నమ్ముకుంటే ఒక రోజు అదనంగా ఉంచుకోండి. దిగిన రోజు జోమ్‌సోమ్‌లో విశ్రాంతి తప్పనిసరి.

ఇక స్నానం. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ఎద్దు ముఖాల్లోంచి పడతాయి. కరిగిన మంచు నీళ్లు. కింద రాతి పలకలు జారతాయి. దివ్యదేశాల్లో (వైష్ణవుల 108 పుణ్యక్షేత్రాల్లో) సాలగ్రామం ఇదే కాబట్టి చాలామంది పట్టుబట్టి 108 కిందా తల పెడతారు, ఆపైన ముందున్న రెండు కుండాల్లోనూ మునుగుతారు. బీపీ ఉన్నవాళ్లకి ఒక్కసారిగా ఆ చల్లదనం మంచిది కాదు. నాన్నగారు ఒక్కో ధార దగ్గరా చేత్తో నీళ్లు పట్టి నెత్తిన చల్లుకుంటే చాలు. మునిగేవాళ్లు పొడి బట్టలు, ఉన్ని టోపీ పైకి తీసుకెళ్లాలి. జీపులో వదిలేస్తే తడిబట్టలతో ఆ గాలిలో అంతదూరం దిగాలి. జీపులు ఆగే చోటు నుంచి గుడికి అరగంట నడక, మెట్లున్నాయి, గుర్రాలు దొరుకుతాయి.

సరిహద్దు_సైదులు:

ముందు ఆధార్ సంగతి. విమానానికి పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. 65 దాటినవాళ్లకీ 15 లోపు పిల్లలకీ మాత్రం వయసు, ఫోటో ఉన్న వేరే గుర్తింపు కార్డు నడుస్తుంది. అంటే మీ నాన్నగారికీ బాబుకీ ఆధార్ సరిపోతుంది. మీ అమ్మగారికి, మీ ఇద్దరికి సరిపోదు.

డబ్బు: మన 100కి వాళ్ల 160, స్థిరమైన మారకం. పెద్ద నోట్ల మీద నియమాలు మారుతుంటాయి, 100 నోట్లే తీసుకెళ్లండి. 2024 నుంచి ఫోన్‌పే అనే వాళ్ల క్యూఆర్ కోడ్‌ని మన యూపీఐతో స్కాన్ చేయొచ్చు (పేరు ఒకటే, మన ఫోన్‌పే వేరు). సిగ్నల్ లేని కొండల్లో నగదే.

అసలు చిక్కు మీ తేదీల్లో ఉంది. మన దసరాయే వాళ్ల దశైన్, ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండగ. సప్తమి నుంచి ఆఫీసులు మూతపడతాయి, డ్రైవర్లూ గైడ్లూ సొంతూళ్లకి పోతారు, బస్సు టికెట్లు దొరకవు. అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిట్లు ముందే తీసుకోకపోతే ఇరుక్కుంటారు. పైగా వానలు అప్పటికి పూర్తిగా వెళ్లిపోవు. 2024లో సెప్టెంబరు 26 నుంచి 28 దాకా పడ్డ వానకి కాఠ్మాండూ చుట్టూ రోడ్లు తెగిపోయాయి. పౌర్ణమి దాటాక వెళ్లగలిగితే అంతకన్నా మంచిది లేదు.

పశుపతినాథ్‌కి శనివారం వద్దు, అక్కడ వారం సెలవు అదే. తోలు బెల్టు, పర్సు లోపలికి తేకూడదు. ఫోటోలు నిషేధం.

మెట్ల_లెక్క:

బేస్ క్యాంప్‌కి 14 రోజుల్లో చోటు లేదు. కాఠ్మాండూ 2, పొఖరా ప్రయాణం 1, ముక్తినాథ్ 4, చిత్వన్ 2, తిరుగు ప్రయాణం 2. మొత్తం 11. మిగిలిన మూడు రోజుల్లో 4,130 మీటర్లు ఎక్కి దిగడం వద్దు.

సరిగ్గా నడవాలంటే ఛోమ్‌రోంగ్ (2,170), దోవాన్ (2,600), దేవురాలి (3,230), మచ్ఛాపుచ్ఛ్రే బేస్ క్యాంప్ (3,700)లలో ఒక్కో రాత్రి. అక్కడి నుంచి తెల్లారకముందే లేచి అన్నపూర్ణ బేస్ క్యాంప్ చూసి అదే రోజు దోవాన్ దిగిపోవడం. ఇంకో రోజు కిందికి. మొత్తం ఆరు రోజులు. చాలామంది దేవురాలి నుంచి నేరుగా పైకి వెళ్లి పడుకుంటారు. అంటే ఒక్క రాత్రికి 900 మీటర్లు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500కి మించి పెంచకూడదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు అనేది మామూలు మోతాదు. డాక్టర్ని అడిగాకే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్త.

బదులుగా పూన్ హిల్ (3,210) పెట్టుకోండి. జీపులో ఉల్లేరి దాకా, అక్కడి నుంచి నడిచి ఘోరేపానీలో రాత్రి, తెల్లారేసరికి కొండ మీద, సాయంత్రానికి పొఖరా. రెండు రోజులు. మూడోది కొండచరియలు విరిగితే పనికొస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీయులకి, మనతో సహా, లైసెన్సున్న గైడ్ ఉండాలని నియమం. అన్నపూర్ణ పర్మిట్ సార్క్ దేశాలవాళ్లకి 1,000 నేపాలీ రూపాయలు. ముక్తినాథ్ వెళ్లే మీ అమ్మానాన్నలకి కూడా కావాలి.

ఇంకో మాట. అక్టోబరులో బంగాళాఖాతంలో తుపాను పుడితే ఉన్నచోటే ఆగిపోండి. 2014లో హుద్‌హుద్ విశాఖని తాకిన రెండు రోజులకే దాని మిగులు ముక్తినాథ్ పైనున్న థోరాంగ్ కనుమ చుట్టుపక్కల మంచు తుపానై 40 మందికి పైగా చనిపోయారు.

దారి_చూపండి:

అందరికీ థాంక్సండీ. బేస్ క్యాంప్ తీసేస్తున్నాం. నవంబరుకి జరిపితే చిత్వన్‌లో ఖడ్గమృగం కనబడుతుందా?

రాప్తీ_ఒడ్డు:

కనబడుతుంది. 2021 లెక్కల్లో నేపాల్ మొత్తం 752 ఉంటే ఒక్క చిత్వన్‌లోనే 694. నవంబరులో ఇబ్బంది గడ్డి. వానల తర్వాత ఏనుగుని కూడా దాచేసేంత పెరిగి ఉంటుంది. దాన్ని కోసి, కాల్చేది చలికాలం చివర్లో, అందుకే ఫిబ్రవరి, మార్చిల్లో సులువుగా కనిపిస్తాయి. అప్పటిదాకా నీటి పక్కనే వెతకాలి. పొద్దున్నే రాప్తీ నది మీద దుంగ పడవ, మధ్యాహ్నం జీపు సఫారీ తీసుకోండి. పడవలో మొసళ్లు, ఘరియల్స్ (సన్నటి పొడవు మూతి మొసళ్లు) ఎలాగూ కనిపిస్తాయి. పులి మీద ఆశ పెట్టుకోకండి.

పన్నెండేళ్ల పిల్లాడితో కాలినడక సఫారీ మాత్రం వద్దు. పెద్దవాళ్లయినా ఇద్దరు గైడ్లతోనే వెళ్లాలి. ఖడ్గమృగం చూపు మందం, వాసన, వినికిడి చురుకు. మీదకి వస్తే చెట్టెక్కాలి, చెట్టు లేకపోతే వంకరటింకరగా పరుగెత్తుతూ సంచీ పడేయాలి, అది వాసన చూడ్డానికి ఆగుతుంది. బట్టలు మట్టిరంగువో ఆకుపచ్చవో వేసుకోండి, ఎరుపూ తెలుపూ వద్దు.

బస అడవి పక్క ఊరు సౌరాహాలో. కాఠ్మాండూ రోడ్డు మూసుకుపోతే పక్కనే భరత్‌పూర్ నుంచి విమానం ఉంది. రాత్రి భోజనానికి బయటికి వెళ్తే టార్చి పట్టుకెళ్లండి, ఖడ్గమృగాలు ఆ ఊరి వీధుల్లోకి కూడా వస్తుంటాయి. ఎదురైతే ఫోన్ తీయకుండా పక్కనున్న ఏదో ఒక హోటల్లోకి దూరిపోండి.