షోకు అంటే సింగారమేనా?

మొన్న మన ఈ మాటల గ్రూపులో ఒకరు ‘సైన్స్ ఫిక్షన్ ఫ్యాన్’ని తెలుగులో ఏమనాలి అని అడిగితే, ‘వైజ్ఞానిక కల్పనా సాహిత్యాభిమాని’ అని జవాబొచ్చింది. తప్పు లేదు, కానీ ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రాదు. పైగా వాడుకలో అభిమాని అనగానే ఒక హీరోకో, ఒక నాయకుడికో అనిపిస్తుంది. ఒక రకం కథల కోసం బతుకంతా పెట్టినవాడికి ఆ మాట చాలదు.

హన్మకొండలో మా తాత దీన్ని ‘షౌకు’ అనేవాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన మనిషి. వారపత్రికల్లో చంద్రుడి మీదికీ, గ్రహాల మీదికీ పోయే సీరియల్ వస్తే ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదాపిండి జిగురుతో అట్ట అంటించేవాడు. ఇనుప సందుగలో కలరా ఉండల వాసన మధ్య అవన్నీ ఉండేవి. నేను ఒకసారి గుర్తుకోసం పేజీ మూల మడిచాను. కొట్టలేదు. ‘షౌకున్నోడు కాగితం మలువడు బిడ్డా’ అన్నాడు. నాకు ఆ మాట అట్లా తెలుసు.

షౌక్ అరబ్బీ మాట. తపన, ఆరాటం దాని అర్థం. ఫారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. తెలుగులో అదే షోకు, సోకు అయ్యి, అర్థం మెల్లగా సింగారం వైపు జరిగిపోయింది. ఇప్పుడు ‘షోకులు పడుతున్నాడు’ అంటే బట్టలూ, అత్తరూ, అద్దమే గుర్తొస్తాయి.

ఈ రెండర్థాలకూ సరిపోయిన మనిషి ఒకరున్నారు. ఫారెస్ట్ జె. ఆకర్‌మన్, లాస్ ఏంజెలస్‌లో 1916లో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో, 1926లో, ‘అమేజింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక కొనుక్కున్నప్పుడు మొదలైన షౌకు 2008లో పోయేదాకా వదలలేదు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగితే, భవిష్యత్తు మనుషుల్లా కుట్టించిన దుస్తులు వేసుకుని వెళ్లారు. వాటిని రూపొందించింది ఆయన స్నేహితురాలు మర్టల్ డగ్లస్. ఇవాళ కాస్‌ప్లే, అంటే కథల్లోని పాత్రల్లా వేషం కట్టడం, అంటున్న ముచ్చటకు ఆ జంటనే ఆద్యులుగా చెప్పుకుంటారు. షోకు అంటే అదీ.

మన గ్రూపుకి అసలు ముచ్చట, సైన్స్ ఫిక్షన్‌కి పొట్టి పేరైన ‘సై-ఫై’ అన్న మాట. అంతకుముందు ‘అమేజింగ్ స్టోరీస్’ పెట్టిన హ్యూగో గెర్న్స్‌బాక్ ‘సైంటిఫిక్షన్’ అనేవారు. 1954లో రేడియోలో ‘హై-ఫై’ (పాట అచ్చం అసలులా వినిపించే యంత్రాలకు వాడే మాట) అని వినబడగానే ఆ ప్రాస మీద ఆకర్‌మన్ నోట ‘సై-ఫై’ వచ్చిందట. చాలామంది రచయితలకు అది చవకబారుగా తోచింది. అయినా నిలబడింది. నోటికి పట్టిన మాటను ఆపడం ఎవరి తరం? అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని తయారుచేసిన భాష ఎస్పెరాంటో కూడా ఆయనకు వచ్చు, మాటల మీద కూడా అంత షౌకు.

–––

కాజీపేట నుంచి: అన్నా, బాగుంది. కానీ షోకు అంటే ఇప్పటి పిల్లలకు సింగారమే కదా, అపార్థం కాదా? మా దగ్గర ‘యావ’ అంటం. పుస్తకాల యావ, సినిమాల యావ.

జవాబు: తమ్ముడూ, యావ మంచి మాటే. కానీ దాంట్లో కొంచెం తిట్టుంది. ‘ఎప్పుడూ డబ్బు యావే’ అంటాం. యావ ఉన్నోడు తన కోసం పోగేసుకుంటాడు. ఆకర్‌మన్ ఇంట్లో పద్దెనిమిది గదుల నిండా పుస్తకాలు, పత్రికలు, సినిమాల్లో వాడిన ముసుగులు ఉండేవి. శనివారం తలుపు తీసిపెట్టి, ఎవరొచ్చినా తనే తిప్పి చూపించేవారు. తర్వాత పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయిన రే బ్రాడ్‌బరీ కుర్రవాడుగా ఉన్నప్పుడు, అతని మొదటి కథ అచ్చయింది ఆయన నడిపిన చిన్న పత్రికలోనే. బ్రాడ్‌బరీ సొంత పత్రిక పెడతానంటే డబ్బు సాయం చేసిందీ ఆయనే. దీన్ని యావ అనడానికి నాకు మనసొప్పదు.

పరకాల నుంచి: మా తాన పావురాలు పెంచేటోన్ని ‘వానికి పావురాల షౌకు’ అనే అంటరు సార్. మాట ఇంకా బతికే ఉంది.

జవాబు: సంతోషం అన్నా, నాకు ఇదే కావాలి. ఇంకో సాయం. మా తాత కుట్టిన ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఉర్దూలో ఒకటే వాక్యం ఉంది. నాకు ఉర్దూ చదవరాదు. ఫోటో పెడుతున్నాను, ఎవరైనా చదివి చెప్తారా?

మండిబజార్ నుంచి: భాయ్, ‘షౌక్ సే పఢియే, మోడియే మత్’ అని రాశారు. ‘షౌక్ సే’ అంటే మొహమాటపడకుండా, సంతోషంగా అని. వచ్చి అడిగినోళ్లకు ఇచ్చేటప్పుడు చూసుకోవాలని రాసి ఉంటారు: హాయిగా చదువుకోండి, కాగితం మాత్రం మలవకండి.