అప్‌డేట్: పాత పుల్‌పిట్ తీసివేస్తే వాక్యం పలచబడుతుందా అని అడిగాను

మూడు నెలల క్రితం నేను అడిగింది ఇది: మా సంఘంలో టేకు బెంచీలకు బదులు కుర్చీలు, ఎత్తైన చెక్క పుల్‌పిట్‌కు (పాస్టర్ నిలబడి వాక్యం బోధించే పీఠానికి) బదులు గాజు స్టాండు పెట్టాలని పెద్దలు అనుకుంటున్నారు, ఒప్పుకోవాలా అని. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

బెంచీల విషయంలో పట్టు వదిలాను. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు ఆ ఇరుకులోంచి బయటపడి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరకు రావడానికి పడే అవస్థ దగ్గరుండి చూశాను. కుర్చీలే మేలు.

పుల్‌పిట్ గురించి మాత్రం కమిటీలో నిలబడి బైబిల్లోని నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చదివాను. ధర్మశాస్త్రం చదివి వినిపించిన యాజకుడు ఎజ్రా నిలబడిన కఱ్ఱపీఠం ఆ పని కోసమే చేయించినది. ఆయన గ్రంథం విప్పడం జనులందరికీ కనబడింది. చదువుతూ చదువుతూ 8వ వచనం దగ్గర నేనే ఆగిపోయాను. చదివిన దానికి అర్థం చెప్పి జనులకు తెలియజేశారని అక్కడ ఉంది. నా భయమంతా చెక్క గురించి కాదని, ఈ వివరణ పలచబడుతుందేమోననేనని అప్పుడు తెలిసింది. అదే పాస్టర్ గారితో చెప్పాను.

చివరికి పుల్‌పిట్ ఉంచారు, రెండు మెట్లు తగ్గించారు. తరతరాల చేతులు పట్టుకుని నునుపెక్కిన ఆ అంచుకు వడ్రంగి చిత్రిక తగలనివ్వలేదు. పాస్టర్ గారు బైబిల్లోని రోమా పత్రికను (పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరాన్ని) వరుసగా బోధిస్తున్నారు. గత ఆదివారం 3వ అధ్యాయం: పాపం, సిలువ, కృప, ఏదీ దాచకుండా చెప్పారు.

బాప్తిస్మపు రాతి తొట్టి ఇంకా వరండాలోనే ఉంది. దాని సంగతి వచ్చే కమిటీలో అడుగుతాను.