లంబసింగి పొగమంచును నీటిరంగుల్లో వేయడం: తెల్లరంగు పూసినప్పుడల్లా బొమ్మ పాడవుతోంది

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

నమస్కారం. ఉద్యోగం పోను మిగిలిన సమయంలో నాలుగేళ్లుగా నీటిరంగులతో బొమ్మలు వేస్తున్నాను. గత డిసెంబరులో లంబసింగి వెళ్లి, తెల్లవారకముందే చెరువులవేనం కొండ ఎక్కాము. కింద లోయంతా పొగమంచు నిండి కొండల కొసలు మాత్రమే పైకి తేలి కనిపించాయి. దగ్గరలోని సిల్వర్ ఓక్ చెట్లకు తలలే తప్ప మొదళ్లు లేవు. ఆ దృశ్యాన్ని ఇప్పటికి ఐదుసార్లు వేశాను. కొండలనూ చెట్లనూ పూర్తిగా వేసి, ఆరిన తరువాత తెల్లరంగును నీళ్లతో పలుచన చేసి పొగమంచుగా పూస్తున్నాను. ప్రతిసారీ అడుగున ఉన్న ఆకుపచ్చ కరిగి, తెలుపుతో కలిసి, వెల్లవేసిన గోడ మీద మరకలా మిగులుతోంది. కాగితం 200 జిఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) స్కెచ్ పుస్తకంలోనిది. తడి తగలగానే అలలుగా లేస్తుంది. నీడలకు ట్యూబులోని నలుపు వాడుతున్నాను. లోపం కాగితానిదా, రంగులదా, నా పద్ధతిదా దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (హైదరాబాదు నుంచి)

మూడింటిలోనూ కొంత లోపం ఉన్నా, అసలు చిక్కు మీరు వేసే వరుసలో ఉందండి. నీటిరంగు పారదర్శకమైనది, వెలుగు రంగు పొరలోంచి దిగి, కాగితపు తెలుపును తాకి తిరిగి మన కంటికి చేరుతుంది కాబట్టే బొమ్మకు ఆ కాంతి వస్తుంది. తెల్లరంగు ఆ దారిని మూసేస్తుంది. అందువల్ల పొగమంచు ఉన్న చోట కాగితాన్ని మొదటి నుంచే ఖాళీగా వదులుతూ రావాలి.

ముందుగా మీ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి, ముదురు లేతలను నాలుగు మెట్లుగా విడదీసి ఒక చిన్న పెన్సిల్ బొమ్మ వేసుకోండి. తరువాత కాగితమంతా తడిపి, సూర్యుడు ఉన్న వైపు పలుచని పసుపు, మిగిలిన ఆకాశానికి లేత బూడిద నీలం పూసి పూర్తిగా ఆరనివ్వండి. ఆపైన అన్నిటికన్నా దూరపు కొండను చాలా లేతగా, పై అంచు స్పష్టంగా ఉండేలా వేసి, రంగు తడిగా ఉండగానే శుభ్రమైన తడి కుంచెతో దాని అడుగు అంచును కిందికి లాగండి. రంగు క్రమంగా పలచబడి కాగితంలో కలిసిపోతుంది. ఆ పలచబడిన చోటే పొగమంచు. అది ఆరాక దానికి ముందున్న కొండను ఒక మెట్టు ముదురుగా, అదే పద్ధతిలో వేయాలి. ఇలా దూరం నుంచి దగ్గరకు వస్తే నాలుగైదు పొరల్లో లోయ తయారవుతుంది.

ఇందులో నేర్చుకోవడానికి చాలా కాలం పట్టేది తడిని గుర్తించడం. నీళ్లు అద్దంలా మెరుస్తున్నప్పుడు రంగు పెడితే అది ఎటో కొట్టుకుపోతుంది. ఆ మెరుపు తగ్గి పట్టుబట్ట నిగారింపు మాత్రమే మిగిలినప్పుడు పెడితే అంచులు మెత్తగా విచ్చుకుని ఆగుతాయి. అంతకన్నా ఆరిన కాగితం మీదికి ఎక్కువ నీళ్లున్న కుంచెను తీసుకువెళితే, ఆ నీళ్లు రంగును తోసి కాలీఫ్లవర్ ఆకారంలో మచ్చ మిగులుస్తాయి.

నలుపు మానేసి అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా (ఎరుపు కలిసిన గోధుమరంగు) కలపండి. నీలం ఎక్కువైతే చల్లని బూడిదరంగు, సియెన్నా ఎక్కువైతే వెచ్చని బూడిదరంగు వస్తాయి. అల్ట్రామెరైన్ రేణువులు కాగితపు గుంటల్లో నిలిచి పొగమంచుకు సరిపోయే గరుకుదనం ఇస్తాయి. థాలో నీలం మాత్రం ఒకసారి పట్టుకుంటే వదలదు కనుక ఈ పనికి దూరంగా ఉంచండి. కాగితం 300 జిఎస్‌ఎం, నూరుశాతం నూలుది కొనండి. ఖరీదు ఎక్కువే గానీ, 22 × 30 అంగుళాల పెద్ద షీటును ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కొక్కటి చెక్కకు టేపుతో అంటించి వాడుకుంటే భారం అనిపించదు.

సమాధానం 2 (పెన్సిల్వేనియా నుంచి)

పొగమంచునూ, ఇక్కడ నేల మీద అడుగులోతు పేరుకునే దాన్నీ తెలుగులో మనం మంచు అనే అంటాం. నేను వేసేది ఆ రెండోది. పై సమాధానంలోని సూత్రం దీనికీ వర్తిస్తుంది: మంచు తెలుపు కాగితానిదే, మనం వేసేది నీడలను. నిర్మలమైన రోజున ఆ నీడలు నీలంగా ఉంటాయి, ఎందుకంటే ఎండ తగలని చోటికి వెలుగు ఆకాశం నుంచే వస్తుంది. ఈ రాష్ట్రంలోనే చాడ్స్ ఫోర్డ్‌లో జీవించిన అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ వైయెత్ (1917–2009) చలికాలపు పొలాలను గోధుమ, బూడిద రంగులతో, చాలా చోట్ల కాగితాన్ని ఖాళీగా వదిలి చిత్రించారు. రంగు పిండేసిన పొడి కుంచెతో ఆయన ఎండుగడ్డిని వేసిన తీరు మీ ముందువరుస గడ్డికి కూడా పనికొస్తుంది.

అయితే తెల్లరంగును పూర్తిగా నిషేధించనక్కర లేదని నా అభిప్రాయం. రాలుతున్న మంచుపలుకుల కోసం చివర్లో చిక్కని తెల్ల గువాష్‌ను (అడుగు కనబడనివ్వని నీటిరంగును) నాలుగైదు చుక్కలు నేనూ పెడతాను. పలుచన చేసి పరచడమే చేటు చేస్తుంది. మరొక మాట: అక్కడికక్కడ కూర్చుని వేయాలని అనుకుంటే, పొగమంచులో కాగితం ఆరదు. ఇక్కడ ఒకసారి ఆరుబయట వేస్తుండగా పూసిన రంగే గడ్డకట్టి ఆకుల ఈనెల్లాంటి గీతలు పడ్డాయి. అప్పటి నుంచి బయట పెన్సిల్ బొమ్మ గీసి, రంగుల పేర్లు పక్కన రాసుకుని, ఇంటికి వచ్చాకే రంగు ముడుతున్నాను.

సమాధానం 3 (పాడేరు నుంచి)

చెట్ల గురించి ఒక సూచన. మా కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్‌ల మీదికి మిరియాల తీగను పాకిస్తారు. అందుకని వాటి మొదళ్లు సన్నని నున్నని కర్రల్లా కాక, లావుగా, ముదురుగా, అంచులు చెదిరి కనిపిస్తాయి. ఆకు అడుగుభాగం వెండిరంగు కనుక పచ్చటి ఆకుపచ్చ వాడకండి. మొదటి సమాధానంలో చెప్పిన బూడిదలోనే కొద్దిగా పసుపు కలిపితే సరిపోతుంది. చెట్టును తల నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ కుంచెలోని రంగును తగ్గించుకుంటూ రండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కొత్త కాగితం మీద వేశాను. దూరపు రెండు కొండలు నేను చూసినట్లే వచ్చాయి. మూడోదాని దగ్గర తొందరపడినందుకు కాలీఫ్లవర్ మచ్చ పడింది. సముద్రపు తేమ వల్ల కాబోలు, ఇక్కడ పైకి ఆరినట్లు కనిపించినా చేతివెనుక భాగం ఆనిస్తే కాగితం ఇంకా చల్లగానే తగులుతోంది. ఇకపై ఆ చల్లదనం పోయాకే తరువాతి పొరకు వెళతాను. పాడేరు వారు చెప్పిన చెట్లను వేరే ముక్క మీద విడిగా సాధన చేస్తున్నాను.