రాగి వేస్తే పచ్చగా వస్తోంది, కాషాన్ నీలం ఎలా వస్తుంది?

మట్టిచేతులు (ఎంవీపీ కాలనీ, విశాఖ):
ఇంట్లో చిన్న ఎలక్ట్రిక్ బట్టీ ఉందండి. 12, 13 శతాబ్దాల్లో ఇరాన్‌లోని కాషాన్ కుమ్మరులు చేసిన గిన్నెల ఫొటోలు చూసినప్పటి నుంచి ఆ నీలం మీదే మనసు. మబ్బు లేని పొద్దున రుషికొండ దగ్గర ఒడ్డు నీళ్లు ఉంటాయే, అచ్చం ఆ రంగు. వాళ్లు వాడిందీ రాగే అంటారు, నేను వేస్తున్నదీ రాగి ఆక్సైడే, మరి నాకు ఆకుపచ్చ ఎందుకొస్తోంది? టెర్రకోట మట్టి, మీద కొన్న ట్రాన్స్‌పరెంట్ గ్లేజు (బట్టీలో కరిగి గాజులా మారే పూత). రాగి పెంచాలా, తగ్గించాలా?

బట్టీపొగ:
రాగి పాళ్లు మార్చి లాభం లేదండి. రంగు తేల్చేది గ్లేజుని కరిగించే సరుకు. సీసం ఉంటే రాగి పచ్చగా తేలుతుంది, సోడా, పొటాష్ లాంటి క్షారాలైతే నీలంగా. వాళ్లు ఎడారి మొక్కలు కాల్చిన బూడిద వాడేవాళ్లు. అందులోని సోడాకి నీళ్లలో కరిగిపోయే గుణం ఉంది, నేరుగా పూస్తే మట్టిలోకి ఇంకిపోతుంది, అందుకని ముందే పలుగు రాయి పొడితో కలిపి కరిగించి, గాజు చేసి, ఆ గాజుని మళ్లీ నూరి పూసేవాళ్లు. అదే ఫ్రిట్. ఇప్పుడు సోడా ఫ్రిట్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) తక్కువున్నది అడిగి తీసుకోండి.

మట్టిచేతులు:
థాంక్సండీ. అది పూస్తే సన్న పగుళ్లు రావా?

సారెతిప్పు:
టెర్రకోట మీద దాదాపు తప్పవు అక్కా. చల్లారేటప్పుడు సోడా గ్లేజు మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. కాషాన్ వాళ్ల పనితనం నాకు ఇక్కడే కనిపిస్తుంది, గ్లేజుకి సరిపోయేలా గిన్నెనే మార్చేశారు! ఆ ఊరి కుమ్మరుల కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో పాళ్లతో సహా రాసిపెట్టాడు: పది పాళ్లు పలుగు రాయి పొడి, ఒక పాలు గాజు పొడి, ఒక పాలు తెల్ల మట్టి. అంటే గిన్నె కూడా ఇంచుమించు గ్లేజు సరుకే, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైగా లోపల తెల్లగా ఉండబట్టే నీలం అంత వెలుగుతుంది, మీ ఎర్రమట్టి మీద మసకబారుతుంది. కాకపోతే ఆ ముద్దకి సాగుడు ఉండదు, సారె మీద నిలబెట్టడం కష్టం, అచ్చులో ఒత్తుకోండి.

బట్టీపొగ:
అవును, అచ్చే నయం. పలుగు పొడి కలిపేటప్పుడు మంచి మాస్కు తప్పనిసరి, ఫ్యాన్ వేయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. గిన్నె ఎంత బాగా వచ్చినా అందులో పులుసు, ఊరగాయ పెట్టకండి, పులుపు తగిలితే రాగి కూరలోకి దిగుతుంది.